విజయనగరం ఊళ్లో ఉండాలా, శివారుకు మారాలా: పగలంతా ఇంట్లో ఉండేవారి వైపు నుంచి ఒక పోలిక

విజయనగరంలో అద్దె వాటాల్లో ఉంటున్న కుటుంబాల్లో, పిల్లలు హైస్కూలు వయసుకు వచ్చేసరికి ఒక చర్చ తప్పకుండా మొదలవుతుంది. ఊళ్లోనే ఇరుకు ఇంట్లో సర్దుకుపోవాలా, లేక నెల్లిమర్ల రోడ్డులోనో, నాతవలస రోడ్డులోనో, గంట్యాడ వైపో స్థలం కొనుక్కొని ఇల్లు కట్టుకోవాలా అన్నది ఆ చర్చ. మా ఇంట్లో అది రెండేళ్లు సాగింది. చివరికి 2017లో అయ్యకోనేరు గట్టు దగ్గరి అద్దె ఇల్లు ఖాళీ చేసి, నాతవలస రోడ్డు మీద ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, బస్సు దిగాక మరో కిలోమీటరు లోపలికి నడవవలసిన ఒక లేఅవుట్లో సొంత ఇంటికి వచ్చాము. ఆ రెండేళ్లలో మేము వేసుకున్న లెక్కలన్నీ ఉద్యోగానికి వెళ్లివచ్చే నా చుట్టూనే తిరిగాయి. నా ఆఫీసు ఎంత దూరం, నా బండికి పెట్రోలు ఎంత, నా జీతంలో అప్పు వాయిదా ఎంత అనేవే అడిగాము. అయితే ఆ ఇంట్లో పగలు పది గంటలసేపు ఉండవలసినది నేను కాదు, మా అమ్మ. ఈ పోలికను నేను రాస్తున్నది ప్రధానంగా ఆ పొరపాటు మరొకరు చేయకూడదనే.

ఊళ్లో ఉన్నప్పుడు మా అమ్మ ఉదయం ఐదున్నరకు కోనేరు గట్టు మీద నాలుగు అడుగులు వేసి, పాలు తీసుకొని, దారిలో ఇద్దరు ముగ్గురిని పలకరించి ఇంటికి వచ్చేది. మంగళవారం వస్తే ఎవరి తోడూ లేకుండా మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లి అమ్మవారి గుడికి నడిచి వెళ్లేది. కరివేపాకు అయిపోతే ఎదురింటికి వెళ్లేది, కాలు నొప్పి చేస్తే వీధి చివరి మందుల దుకాణానికి వెళ్లేది. శివారుకు వచ్చాక మొదటి ఏడాది ఆమె రోజంతా గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేది. గేటు ముందు వయ్యారిభామ మొక్కలు మొలిచిన ఖాళీ ప్లాట్లు, వాటి మధ్య తెల్ల సున్నం వేసిన హద్దు రాళ్లు తప్ప మరేమీ కనిపించేవి కావు. పది గంటలకు మైకులో ధరలు చెప్పుకుంటూ కూరగాయల ఆటో వచ్చేది. అది రెండు వీధుల అవతల ఉండగానే ఆమె లేచి సంచి పట్టుకొని నిలబడేది. కొనవలసినది ఏమీ లేని రోజున కూడా నిలబడేది. "పలకరించే మనిషే లేడురా బాబూ" అని ఒకరోజు అన్నప్పుడు గాని నాకు ఆ సంచి సంగతి అర్థం కాలేదు.

కాబట్టి ఊరు, శివారు అనే రెండింటిని పోల్చేవారు ముందుగా ఒక కాగితం తీసుకొని, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు ఇంట్లో ఎవరు ఉంటారు, వారు సొంతంగా బండి నడపగలరా, వారికి నడక దూరంలో ఏమేమి ఉండాలి అన్నది రాసుకోవాలని నా సలహా. మిగిలిన లాభనష్టాలన్నీ దాని తరువాతే చూడాలి.

డబ్బు లెక్క

శివారులో ఇంటి అద్దె తక్కువ, స్థలం ధర తక్కువ అన్నది నిజమే. అయితే ఆ తేడా మొత్తం చేతిలో మిగలదు. ఒక చిన్న లెక్క చూడండి. ఇంటికీ ఆఫీసుకూ ఎనిమిది కిలోమీటర్లు ఉండి, మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికి వచ్చే మనిషి రోజుకు 32 కిలోమీటర్లు తిరుగుతాడు. నెలకు 26 పనిదినాలకు అది 832 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే పద్దెనిమిదిన్నర లీటర్లు కావాలి; లీటరు 110 రూపాయల చొప్పున వేసుకుంటే రెండు వేలు దాటుతుంది. ఇది ఒక్క బండికి. పిల్లల స్కూలు బస్సు, భార్యకు మరో బండి, రాత్రిపూట తప్పనిసరైన ఆటో కలిపితే అద్దెలో మిగిలిందనుకున్న మూడు నాలుగు వేలు ఎటు పోయాయో కనిపించదు.

సొంత ఇల్లు కట్టేవారికి మరికొన్ని ఖర్చులు ఉంటాయి. ఊళ్లో కొళాయి, కాలువ, వీధి దీపం అప్పటికే ఉంటాయి. శివారులో బోరు, మోటారు, నేల ట్యాంకు, ప్రహరీ గోడ, ఇన్వర్టరు, వర్షపు నీరు లోపలికి రాకుండా పునాదిని రోడ్డుకన్నా మూడు అడుగులు ఎత్తు లేపడానికి గ్రావెలు, ఇవన్నీ ఇంటి అంచనాలో చేరని ఖర్చులు. మేస్త్రీ ఇచ్చిన అంచనాలో గ్రావెలు లేదు. మా ఇంటికి అది ఎన్ని లారీలు పట్టిందో అన్నీ తోలించాక గాని తెలియలేదు.

పన్ను విషయంలో మాత్రం పంచాయతీ పరిధిలోని శివారుకు కొంత మేలు ఉంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలోని పురపాలక సంఘాల్లో, నగరపాలక సంస్థల్లో ఆస్తిపన్నును అద్దె విలువను బట్టి కాకుండా ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి ఉన్నా, ఏటా పెరుగుతూనే ఉంటుంది. పంచాయతీ ఇంటిపన్ను దానితో పోలిస్తే స్వల్పం. అయితే తక్కువ పన్నుకు తగినట్టే చెత్తబండి, కాలువల పూడికతీత కూడా అక్కడ అరకొరగా ఉంటాయని గుర్తుంచుకోవాలి.

నీళ్లు

ఈ పోలికలో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది నీటికి. విజయనగరం చుట్టుపక్కల భూమి అడుగున ఉన్నది తూర్పు కనుమల్లో కనిపించే ఖొండలైటు వంటి గట్టి రాయి. గోదావరి డెల్టాలోలాగా ఎక్కడ తవ్వినా నీరు ఊరే ఇసుక పొరలు ఇక్కడ లేవు. రాయిలో పగుళ్లు ఉన్నచోట మాత్రమే నీరు నిలుస్తుంది. అందువల్లనే పక్క ప్లాటులో రెండంగుళాల నీరు పడిన బోరు ఉన్నా మన ప్లాటులో దుమ్ము లేవవచ్చు. "పక్కాయన బోరులో నీళ్లు పుష్కలం" అన్న మాట విని స్థలం కొనడం ఈ నేల స్వభావం తెలియక చేసే పని.

మేము 2017లో 180 అడుగులు వేశాము. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఈలోగా చుట్టూ పదకొండు ఇళ్లు లేచాయి, ఇంటికొక బోరు పడింది. 2019 మే నెల రెండో వారంలో ఒక ఉదయం మోటారు వేస్తే పైపులో గాలి శబ్దం వచ్చింది, ట్యాంకులోకి చుక్క పడలేదు. అప్పటి నుంచి జూన్ చివరి వరకు ట్యాంకరు నీళ్లతో గడిపాము. ట్యాంకరు వచ్చే వేళకు ఇంట్లో ఉన్నది అమ్మే కాబట్టి, ఎండలో గొట్టం లాగి నేల ట్యాంకులో పెట్టవలసినది కూడా ఆవిడే అయింది. డెబ్బై ఏళ్ల మనిషి అంత బరువైన గొట్టం పట్టుకోవడం చూసి ఆ ఏడాదే మరో బోరు 320 అడుగులకు వేయించాము.

ఊళ్లో కుళాయి నీరు కూడా రోజంతా రాదు, వేసవిలో అక్కడా కటకటే. అయినా పట్టణానికి నెల్లిమర్ల దగ్గర చంపావతి నది నుంచి వచ్చే నీటి పథకం వంటి ఉమ్మడి ఆధారం ఉంది. నీరు రాని రోజున అడగడానికి ఒక కార్యాలయం ఉంది. లేఅవుట్లో బోరు ఎండితే అడగడానికి ఎవరూ ఉండరు. తాటిపూడి జలాశయం గంట్యాడ మండలంలోనే ఉంది కదా, ఆ వైపు నీటికి లోటు ఉండదని కొందరు అనుకుంటారు. గోస్తనీ నది మీద కట్టిన ఆ జలాశయం విశాఖపట్నానికి తాగునీరు ఇచ్చే ఆధారాల్లో ఒకటి. అది మన లేఅవుట్ కుళాయికి హామీ కాదు. స్థలం అమ్మేవారు చూపించే చెరువునూ, మన ఇంటికి వచ్చే నీటినీ వేరువేరుగా చూడాలి.

స్థలం చూడడానికి రెండుసార్లు వెళ్లాలి. మే నెలలో ఒకసారి వెళ్లి అక్కడ ఉంటున్న ఇళ్లవారిని బోరు ఎన్ని నిమిషాలు పోస్తుందో అడగాలి. అక్టోబరు నెలలో, వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిశాక, మరొకసారి వెళ్లి రోడ్డు మీద నీరు ఎటు పారుతుందో నిలబడి చూడాలి. అమ్మేవారు సాధారణంగా సంక్రాంతి రోజుల్లో చూపిస్తారు. అప్పుడు ఏ స్థలమైనా బాగానే కనిపిస్తుంది.

గెడ్డలు, కాగితాలు

మన జిల్లాలో చెరువులు ఎక్కువ, ఒక చెరువు నుంచి మరొక చెరువుకు నీరు తీసుకుపోయే గెడ్డలు ఇంకా ఎక్కువ. పదేళ్లు వానలు సరిగా లేకపోతే గెడ్డ పూడిపోయి మామూలు పల్లపు నేలలా కనిపిస్తుంది, దాని మీదా రాళ్లు పాతుతారు. రెవెన్యూ పటంలో మాత్రం అది గెడ్డగానే ఉంటుంది, పెద్ద వాన కురిసిన రోజున నేల మీదా అది గెడ్డే. కాబట్టి సర్వే నంబరు తీసుకొని గ్రామ పటం చూడడం, ఆ నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో తెలుసుకోవడం, కనీసం ముప్పై ఏళ్లకు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీయించడం, అడంగలు, 1-బి అనే రెవెన్యూ భూమి రికార్డులు, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు న్యాయవాదికి చూపించడం తప్పనిసరి. లేఅవుటుకు ఎల్.పి. నంబరు (అధికారులు ఆమోదించిన లేఅవుట్ ప్లాను నంబరు) ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. "పంచాయతీ అప్రూవల్ ఉంది, తరువాత క్రమబద్ధీకరణ చేయించుకోవచ్చు" అనే మాటకు తల ఊపితే బ్యాంకు అప్పు దగ్గర, ఇంటి ప్లాను దగ్గర, మళ్లీ అమ్ముకునేటప్పుడు, మూడు చోట్లా ఇబ్బంది పడవలసి వస్తుంది. ఐదు వందల చదరపు మీటర్లు మించిన స్థలంలో వేసే ప్లాట్లకూ, ఎనిమిది దాటిన ఫ్లాట్లకూ 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నమోదు అవసరం. ఆ నమోదు నంబరు బ్రోచరు మీద లేకపోతే ఎందుకు లేదో అడగాలి.

ఇక్కడ కొలత గురించి ఒక మాట. పల్లెలో రైతు సెంట్లలో చెబుతాడు, లేఅవుట్ వారు గజాల్లో చెబుతారు. సెంటుకు 48.4 గజాలు. ఐదు సెంట్లు అంటే 242 గజాలు. ఈ లెక్క నోటికి రాకపోతే రెండు ధరలను పోల్చుకోలేము.

భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన తరువాత నాతవలస వైపు ప్రతి ప్లాటునూ విమానాశ్రయం పేరుతోనే అమ్ముతున్నారు. విలువ పెరగాలని కొనేవారికీ, కాపురం ఉండాలని కొనేవారికీ ఒకే సలహా పనికిరాదు. పెట్టుబడికి కొన్న ప్లాటు ఖాళీగా ఉన్నా నష్టం లేదు. కాపురానికి వచ్చిన కుటుంబం మాత్రం ఆ ఖాళీ ప్లాట్ల మధ్య ఏళ్ల తరబడి ఉండవలసి వస్తుంది. అందుకే కాపురానికి చూసేవారు రాత్రి ఎనిమిది గంటలకు ఆ లేఅవుటుకు వెళ్లి ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టాలి. వంద ప్లాట్లకు ముప్పై దీపాలైనా లేని చోటికి, పగలు ఒంటరిగా ఉండే పెద్దవారిని తీసుకువెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

రాకపోకలు, చదువు, వైద్యం

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం అయింది. శివారు కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద ఆసరా; మా వీధిలో ఇద్దరు గృహిణులు ఊళ్లో కుట్టుపనికి వెళ్లడం ఆ తరువాతే మొదలుపెట్టారు. అయితే ఆ ఆసరా బస్సు ఆగే చోట ఇల్లు ఉన్నవారికే అందుతుంది. ప్రధాన రోడ్డుకు కిలోమీటరు లోపలికి వెళితే నడక, లేదా షేర్ ఆటో. కాబట్టి "ఊరికి ఎన్ని కిలోమీటర్లు" అని కాకుండా "బస్సు దిగాక ఎంత నడక" అని అడగాలి. నాలుగు వందల మీటర్లకు మించితే వయసు మళ్లినవారు బస్సును మరచిపోతారు.

రోజూ రైలులో విశాఖ వెళ్లివచ్చే ఉద్యోగులది వేరే లెక్క. ఇక్కడి నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు. ఆ ప్రయాణమే రోజులో మూడు గంటలు తీసుకుంటుంది, దానికి ముందూ వెనకా శివారు నుంచి స్టేషనుకు అరగంట చేర్చడం శరీరం ఎక్కువ కాలం భరించదు. అటువంటివారు స్టేషనుకు దగ్గరగా, వనంగుడి పరిసరాల్లోనో కంటోన్మెంటులోనో చిన్న ఇంట్లో ఉండడమే మంచిది.

స్కూళ్లకు బస్సులు ఉన్నాయి కాబట్టి చదువుకు ఇబ్బంది లేదంటారు. స్కూలు సంగతి నిజమే, సాయంత్రాల సంగతి వేరు. 1919లో నెలకొల్పిన సంగీత కళాశాల ఈ ఊరి సొత్తు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆచార్యులుగా పనిచేసిన చోటు అది. అటువంటి ఊళ్లో పుట్టి పిల్లకు వయొలిన్ నేర్పించకపోతే ఎలా అని మా అమ్మాయిని సాయంత్రం పాఠానికి చేర్చాము. అయ్యకోనేరు దగ్గర ఉండగా తానే నడిచి వెళ్లివచ్చేది. శివారుకు వచ్చాక ఎవరో ఒకరు తీసుకువెళ్లి, గంటసేపు బయట వేచి ఉండి, చీకట్లో తీసుకురావలసి వచ్చింది. ఏడాదిన్నరకు పాఠం ఆగిపోయింది. ఆ వయొలిన్ పెట్టె ఇప్పటికీ బీరువా మీద ఉంది. శివారుకు మారడం వల్ల మేము కోల్పోయినవాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

వైద్యం గురించి క్లుప్తంగా చెబుతాను. ఘోష ఆసుపత్రి, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి, 2023లో గాజులరేగలో వైద్య కళాశాల మొదలైంది. గుండె జబ్బు ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణి ఇంట్లో ఉంటే ఊళ్లోనే ఉండండి. 108కు ఫోను చేసినప్పుడు లేఅవుట్ పేరు చెబితే డ్రైవరుకు దారి తెలియక ఎవరో ఒకరు ప్రధాన రోడ్డు దాకా ఎదురు వెళ్లవలసి రావడం మా వీధిలో చూశాను.

కరెంటు విషయంలోనూ దూరానికి ధర ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేము ఊళ్లోనే ఉన్నాము. మా వీధిలో దీపాలు వెలిగిన తరువాత కూడా చాలా రోజులు శివారులోని మా బంధువులు సెల్‌ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి మా ఇంటికి వచ్చేవారు. స్తంభాలు విరిగినప్పుడు ఆసుపత్రులు, నీటి పంపులు ఉన్న లైన్లను ముందు బాగుచేస్తారు, అది న్యాయమే. చివరి ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్న ఇల్లు చివరనే ఉంటుంది.

శివారు నిజంగా ఇచ్చేది

ఇంత చెప్పాక శివారు పనికిరాదని నేను అంటున్నానని అనుకోవద్దు. ఊళ్లో మా వాటాకు ఒక్కటే కిటికీ, అది పక్కింటి గోడ వైపు తెరుచుకునేది. పగలు కూడా దీపం వేసుకొని వంట చేసేవారు. మెట్లు నిటారుగా ఉండి అమ్మకు మోకాళ్లు పట్టేసేవి. ఘంటస్తంభం చుట్టుపక్కల కారు నిలపడానికి చోటు దొరకదు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో అయితే ఇంటి గడప దాటడమే కష్టం. మురుగు కాలువ వాసన, దోమలు, రాత్రి పదకొండు వరకు హారన్లు, వీటిని అలవాటుపడి మరచిపోతాము గాని అవి ఒంటి మీద పనిచేస్తూనే ఉంటాయి. ఇక్కడికి వచ్చాక అమ్మకు నేల మీద గది, పక్కనే స్నానాల గది, వాకిట్లో నందివర్ధనం, గోరింట, రెండు బొప్పాయి చెట్లు అమరాయి. ఏటా శీతాకాలంలో పట్టే దగ్గు ఆమెకు తగ్గింది. అబ్బాయి వీధిలోనే సైకిలు నేర్చుకున్నాడు. వేసవి రాత్రి డాబా మీద పడుకుంటే తూర్పు గాలి వస్తుంది. అద్దె ఇంట్లో మేకు కొట్టడానికి కూడా యజమానిని అడిగిన మనిషికి సొంత గోడ ఇచ్చే నిబ్బరం తక్కువది కాదు.

ఎవరు ఎటు

భార్యాభర్తలిద్దరూ బండి నడుపుతూ, పిల్లలు చిన్నవారై, ఇంట్లో పెద్దలు లేని కుటుంబం శివారుకు నిశ్చింతగా వెళ్లవచ్చు. పదవీ విరమణ చేసి, ఆరోగ్యం బాగుండి, మొక్కల మీద ఇష్టం ఉన్న దంపతులూ వెళ్లవచ్చు. అయితే వారు పదేళ్ల తరువాతి సంగతి కూడా చూసుకొని బస్సు రోడ్డుకు ఆనుకున్న చోటు ఎంచుకోవాలి. ఒంటరిగా మిగిలిన తల్లి గాని, తండ్రి గాని ఇంట్లో ఉంటే, సాయంత్రం చదువులు ముఖ్యమైన వయసులో ఆడపిల్లలు ఉంటే, విశాఖకు రోజూ వెళ్లివచ్చే మనిషి ఉంటే, ఊరే మేలు.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటి ఉంది. మాకు అప్పట్లో తట్టలేదు గాని, ఈ రోజు అడిగితే ఎక్కువమందికి నేను దానినే చెబుతాను. కంటోన్మెంటు, బాలాజీనగర్, గాజులరేగ వంటి చోట్ల, నగరపాలక సంస్థ హద్దు లోపలే, రెండు వందల గజాల ఆశ వదులుకొని ఒక పాత ఇల్లు గాని, కింది అంతస్తు ఫ్లాటు గాని కొనుక్కోవడం. చదరపు అడుగుకు ధర ఎక్కువే అవుతుంది. కాని కుళాయి, కాలువ, దీపం, మందుల దుకాణం, మనుషులు కొన్నరోజునే ఉంటారు. రెండు పడకగదుల ఇల్లు చాలదనుకునేవారు, మూడో గది ఏడాదిలో ఎన్ని రోజులు తెరుస్తారో ఒకసారి నిజాయతీగా లెక్క వేసుకోవాలి.

శివారే కావాలని మనసు పడినవారు కొనే ముందు అదే లేఅవుట్లో, లేదా పక్కదానిలో, ఒక ఏడాది అద్దెకు ఉండాలి. ఒక మే నెల, ఒక అక్టోబరు అక్కడ గడిస్తే ఏ దళారీ చెప్పని సంగతులు తెలుస్తాయి. సామాను రెండుసార్లు మోయవలసిన ఖర్చు, 320 అడుగుల రెండో బోరు ఖర్చులో ఒక చిన్న భాగం.

మేము ఇక్కడే ఉండిపోయాము. మూడేళ్ల క్రితం గేటు బయట ప్రహరీకి ఆనించి రెండు మీటర్ల సిమెంటు అరుగు కట్టించి పైన రేకు వేయించాము. ఇప్పుడు పదిన్నర దాటాక వీధిలోని నలుగురు ఆడవాళ్లు కూరగాయల ఆటో కోసం అక్కడికే వచ్చి కూర్చుంటారు, ఆటో వెళ్లాక చిక్కుడుకాయలు అక్కడే ఒలుచుకుంటారు. అది ఇల్లు కట్టిన రోజునే కట్టవలసిన అరుగు. స్థలం చూడడానికి వెళ్లేవారు ఇంటిలోని పెద్దవారిని కూడా వెంట తీసుకువెళ్లండి. కారులో ఒక చుట్టు తిప్పి తీసుకురాకుండా, పక్కన ఎవరింట్లోనైనా అనుమతి అడిగి ఒక మామూలు పనిదినం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు వారిని అక్కడ కూర్చోబెట్టండి. బయానా ఇవ్వాలో వద్దో సాయంత్రం వారిని అడగండి.